రెండో లారీ ఎందుకు కదల్లేదు?

ప్రపంచంలో అతి చెత్త రేసు ఆట ఏదని కుర్రకారును అడిగితే తలో పేరు చెబుతారు. కానీ తీర్పు ఎప్పుడో వచ్చేసింది. 2003 నవంబరులో అమెరికాలో విడుదలైన ‘బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్’ అనే లారీల పందేనికి ఆ కిరీటం దక్కింది. తయారుచేసింది స్టెల్లార్ స్టోన్, అమ్మింది గేమ్‌మిల్. గేమ్‌స్పాట్ వాళ్లు పదికి ఒక్క మార్కు వేశారు. అంతకన్నా తక్కువ వేసే ఏర్పాటు వాళ్ల దగ్గర లేదు. అందరి సమీక్షలూ పోగేసి సగటు కట్టే మెటాక్రిటిక్ నూటికి ఎనిమిది ఇచ్చింది. మన ఇంటర్ బోర్డు కూడా ఇంత కఠినంగా ఉండదు.

అయితే నాకో అనుమానం. ఆ సమీక్షలు రాసినవాళ్లలో ఒక్కడికైనా హెవీ లైసెన్సు ఉందా? లారీల ఆటకు మార్కులు వేయాల్సింది కుర్చీలో కూర్చున్న విలేకర్లు కాదు. కర్నూలు–కడప హైవే మీద, అంటే ఒకప్పటి 18వ నంబరు, ఇప్పటి 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు మాది. బేతంచెర్ల బండలు, సిమెంటు బస్తాలు, నంద్యాల వడ్లు, బనగానపల్లె మామిడికాయలు, పిన్నాపురం కొండల్లో కట్టిన కరెంటు ప్రాజెక్టు యంత్రాలు – ఏది ఎటు పోయినా మా పాణ్యం చూడకుండా పోలేదు. కాబట్టి ఆ ఆటకు పునర్విచారణ ఇక్కడే జరగాలని తీర్మానించాను.

నెరవాడ మెట్ట దగ్గర ఇంజినీరింగ్ చదివే మావాడు ఆటను సంపాదించాడు. ఎక్కడినుంచని అడగలేదు. న్యాయమూర్తి స్థానంలో మా వీధి పెద్దాయనను కూర్చోబెట్టాం. సగం జీవితం బండల లారీ తోలినవాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక అరుగు మీద ఉంటాడు. మావాడు ఆయన్ను పెదనాయనా అంటాడు.

ముందు డబ్బా మీది ప్రకటన చదివి వినిపించాం. దొంగసరుకు ఎక్కించుకుని, పోలీసుల కళ్లుగప్పి, అమెరికా రోడ్ల మీద దూసుకుపోవాలని అందులో ఉంది. ఆట తెరిస్తే సరుకు లేదు. వెనక ట్రాలీ కూడా లేదు, ఉత్త ఇంజను మాత్రమే పరిగెడుతుంది. పోలీసులు అసలే లేరు.

“పోలీసోళ్లు ఒక్కరు గూడా లేరా?” అన్నాడు పెద్దాయన.

“లేరు పెదనాయనా.”

“బ్రేకు ఇనస్పెక్టరు?”

“ఆయనా లేడు.”

“మరి బాగలేదంటారేమప్పా ఈ ఆటను!”

తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకుని ల్యాప్‌టాప్ ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లు రోడ్డు మీద లేవు, బండి వెనక భాగం మీద ఉన్నాయి. బ్రేకు లైట్లు బండికి అంటుకోకుండా గాలిలో వెలుగుతున్నాయి. వాటిని వేలితో చూపించి, “ఈనికి ఎఫ్‌సీ ఎవురిచ్చినారు?” అని అడిగాడు. మావాడి దగ్గర జవాబు లేదు. సమీక్షకులందరూ ఆ లైట్ల సంగతి రాశారు. సంతకం పెట్టిన అధికారి ఎవరన్న ప్రశ్న మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత కొండ వచ్చింది. మా తమ్మరాజుపల్లె ఘాట్లో లోడు బండి ఎక్కడమంటే ఫస్టు గేరు, ఇంజను మూలుగు, వెనక బస్సువాడి హారను, పక్కన క్లీనరు నోట్లో నరసింహస్వామి పేరు. ఆటలో లారీ కొండకు ఎదురుగా నిలువునా పైకి పోయింది. వేగం వీసమెత్తు తగ్గలేదు. చెట్ల గుండా, ఇళ్ల గుండా కూడా అలాగే పోయింది. వంతెన కనిపించింది గానీ, ఎక్కితే అది మోయలేదు. బండి వంతెనలోంచి కిందికి దిగబడి, ఏమీ కానట్టు అవతల తేలింది. కాగితం మీద ఉండి కాలికి తగలని వంతెనలు ఈ జిల్లా ఎరగనివి కావు కాబట్టి పెద్దాయన ఆశ్చర్యపోలేదు. “డీజిల్ ఎంత తాగుతాదో చూడు” అన్నాడు. చూశాం. ముల్లే లేదు.

ఆటలోని అసలు వింత రివర్స్ గేరు. ముందుకు నడిపితే లారీ లారీలాగే పోతుంది. వెనక్కి నొక్కి పట్టుకుంటే వేగం పెరుగుతూనే ఉంటుంది, దానికి హద్దంటూ లేదు. కంటికి ఆనకుండా వెనక్కి వెళ్లిపోయి, మైదానం దాటి, ఏమీ లేని బూడిదరంగు శూన్యంలో పడుతుంది. వేలు తీస్తే టక్కున ఆగుతుంది. సీమ వెనుకబాటు మీద సభల్లో మాట్లాడేవాళ్లు ఈ సంగతి రాసి పెట్టుకోవచ్చు. వెనక్కి వెళ్లడానికి పరిమితి పెట్టడం ప్రోగ్రాము రాసినవాడు మరిచిపోయాడు, అంతే.

ఇంతసేపూ మేం గమనించని విషయం ఒకటి ఉంది. పందెం మొదలైనప్పుడు పక్కన నిలబడ్డ రెండో లారీ అక్కడే నిలబడి ఉంది. అది కదలదు. ఆటలో నాలుగు లారీలున్నాయి, అయిదు దారులున్నాయి, అందులో ఒకదాన్ని ఎంచుకుంటే ఆటే కుప్పకూలుతుంది. కానీ ఏ లారీ ఎక్కినా, ఏ దారిన పోయినా ఎదుటివాడు ఇంచి కదలడు. నువ్వు నిద్రపోయి లేచి తోలినా గెలుపు నీదే. గీత దాటగానే మూడు పిడుల కప్పు తెర మీదికొస్తుంది, దాని కింద వ్యాకరణం తప్పిన ఇంగ్లీషులో ‘యూ ఆర్ విన్నర్’ అని ఉంటుంది.

ఎదుటి లారీకి కదిలే తెలివిని ప్రోగ్రాములో రాయనే లేదని మావాడు సాంకేతికంగా వివరించబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

“అదంతా కాదు నాయనా. ఆ డ్రైవరును ముందు రోజు రాత్రి ఎవరన్నా ఇంటికి పిలిపించి మాట్లాడినారేమో కనుక్కున్యావా?”

ఇరవై ఏళ్లుగా ప్రపంచమంతా ఆ ఆటను చూసి నవ్వింది. ఈ ప్రశ్న వేయడానికి నంద్యాల తాలూకా మనిషి కావలసి వచ్చింది.

ఆ మాటకొస్తే ఎదుటి లారీ కదలని పందెం మాకు కొత్తేమీ కాదు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసు ఊడ్చుకుపోతే, మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ గెలిచింది జనతా పార్టీ నీలం సంజీవరెడ్డి. ఆ జులైలో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. 36 బళ్లు కాగితాలు సరిగా లేవని గేటు దగ్గరే ఆగిపోగా, మా ఎంపీగారి బండి ఒక్కటే రైసీనా కొండ ఎక్కింది. ఎనిమిదేళ్ల ముందు, 1969లో, ఇదే పందెంలో ఇదే డ్రైవరు ఓడిపోయారు. కారణం సులువు. అప్పుడు ఎదుటి లారీ కదిలింది, దాన్ని తోలుతున్నాయన పేరు వి.వి. గిరి.

1991లో ఇంకోటి. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటులో సభ్యుడు కాదు. గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి నంద్యాల సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ తరఫున అభ్యర్థినే పెట్టలేదు. బంగారు లక్ష్మణ్ లాంటివాళ్లు బరిలో ఉన్నారు గానీ, పెద్ద లారీ షెడ్డులోనే ఉండిపోయింది. ఆధిక్యం 5.8 లక్షల ఓట్లు. ఎన్టీఆర్ చేసింది పెద్దమనసుతో చేసిన పని, దాన్ని నేను వెటకారం చేయను. కానీ ఆటలో కప్పు చూసి నవ్వేముందు, రికార్డు ఎలా వచ్చిందో మనమూ కాస్త గుర్తుంచుకోవడం మర్యాద.

పైగా బిగ్ రిగ్స్ తయారుచేసినవాళ్లకు తట్టని మెరుగు మన ప్రభుత్వాలకు తట్టింది. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊళ్లకు నజరానా ప్రకటించారు. రెండు వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, అయిదు వేల లోపైతే 10, పది వేల లోపైతే 15, అది దాటితే 20 లక్షలు. అంటే రెండో లారీ కదలకపోతే కప్పుతో పాటు నగదు. అమెరికా ఆటలో ఉత్త కప్పే ఇచ్చారు కాబట్టి కంపెనీకి చెడ్డపేరు వచ్చింది.

ఇదంతా పాతకాలపు చెత్త, ఇప్పటి ఆటలు చూడమన్నాడు మావాడు. చూశాం. ఇప్పటి ఆటల్లో బ్రేకు లైట్లు బండికే ఉంటాయి, ఒప్పుకుంటాను. కారు రంగు మీద ఆకాశం కూడా కనిపిస్తుంది. కానీ 2022 మార్చిలో ‘గ్రాన్ టురిస్మో 7’ సర్వరు మరమ్మతని మూసేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఇళ్లలో 30 గంటలకు పైగా ఊరికే కూర్చున్నారు. కారు నీ ఇంట్లోనే ఉంది, తాళం మాత్రం వాళ్ల దగ్గరుంది. ‘ది క్రూ’ కథ ఇంకా ఘనం. యూబీసాఫ్ట్ దాన్ని 2014లో అమ్మింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా తెరుచుకోదు. మార్చి 31 అంటే మన ట్రెజరీలో బిల్లులు మురిగిపోయే తారీఖు కాబట్టి పాణ్యంలో ఎవరికీ దీనికి వివరణ అక్కర్లేదు. ప్రపంచంలో ఆటగాళ్లు మాత్రం ఉద్యమం లేవదీశారు, కాలిఫోర్నియాలో కోర్టుకు కూడా వెళ్లారు. తెర మీద కాకుండా నిజంగా రేసు చూద్దామా అంటే, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా–ఈ ఒక్కసారి జరిగింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది, కేసు మొదలైంది.

వాటితో పోలిస్తే బిగ్ రిగ్స్ ఎంత నిజాయితీ గలదో ఆలోచించండి. కొన్నవాడి దగ్గర ఈనాటికీ అది నడుస్తుంది. అంటే ఎప్పుడు నడిచిందో అంత మాత్రం నడుస్తుంది. ఏ సర్వరూ అడగదు, ఏ మార్చీ దాన్ని ముట్టుకోదు. అంత చెత్తను కూడా పూర్తిగా మన చేతికిచ్చి పోయారు.

పెద్దాయన తీర్పు ఇంకా రాలేదు. రెండో లారీ సంగతి తేలేదాకా ఇవ్వనన్నాడు. అప్పుడు మావాడు అసలు సమాచారం బయటపెట్టాడు. జనం గోల చేశాక కంపెనీ ఒక సవరణ వదిలింది. దాంతో రెండో లారీ కదిలింది! బుద్ధిగా దారి వెంబడి నడిచింది, మలుపులు తిరిగింది. చివరి గీతకు కాస్త ముందు ఆగిపోయింది. దాటదు. ఎంతసేపు చూసినా అక్కడే నిలబడి ఉంటుంది.

నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం గుర్తొచ్చింది నాకు. 1996–97లో మంజూరైన 123 కిలోమీటర్లు. 2016 ఆగస్టులో గానీ రైలు నడవలేదు. అయినా నడిచింది కదా, ఈ లారీ కూడా ఎప్పటికో గీత దాటుతుందేమో అన్నాను.

పెద్దాయన తెరకు మొహం దగ్గరగా పెట్టి ఆ నిలిచిపోయిన బండిని చాలాసేపు చూశాడు.

“దాటదప్పా. గీత దగ్గర నిలబెట్టినాడంటే భయపడి కాదు. రేటు తెగల్యా.”