పులికో మాస్కు, లారీకో నిమ్మకాయ

2024 నవంబర్ చివర్లో కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర చేనులో పని చేసుకుంటున్న మహిళను పులి చంపింది. ఆ తర్వాత అటవీశాఖవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో మాస్కులు పంచారు. కరోనా మాస్కులు కావు, మనిషి మొహం ఉన్నవి. వాటిని తల వెనక కట్టుకోవాలి. పులి వెనక నుంచే దూకుతుంది కాబట్టి, అటు కూడా ఓ మొహం కనబడితే జంకుతుందని లెక్క. కట్టుకుంటే ఉక్కపోస్తుందని గానీ, జుట్టు ఊడుతుందని గానీ ఎవరైనా అన్నట్టు నేను వినలేదు. ఆ రెండు సాకులనూ మనం హెల్మెట్ కోసమే భద్రంగా దాచుకున్నాం.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఇన్నేళ్లలో పులి బారిన పడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లారీ కింద పడినవాళ్లను లెక్కపెట్టడానికి ఎవరి వేళ్లూ చాలవు. అయినా పులి అడుగు కనబడితే ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపులో ఎదురుగా లారీ కనబడితే మాత్రం ముందున్న బండిని అప్పుడే దాటెయ్యాలని మనకు సరదా పుడుతుంది. లారీ చేసుకున్న పాపమల్లా దానికి చారలు లేకపోవడమే.

లారీకి మన దగ్గర మందు వేరే ఉంది. నిమ్మకాయ. కరీంనగర్, జగిత్యాల వైపు కొత్త బండి కొన్నవాళ్లు మొదట పోయేది కొండగట్టు అంజన్న దగ్గరికి. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ అంతటివాడు కూడా తన వారాహి వాహనానికి అక్కడే పూజ చేయించుకున్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు, బంపర్‌కు ఎండుమిరపకాయలు, అద్దానికి రోడ్డు కనబడనంత పసుపు కుంకుమ. పూజ కాగానే ఇల్లంతా ఒక్క బండి మీద ఎక్కుతుంది. ట్యాంకు మీద చిన్నోడు, నడిపేది బాపు, వెనక పెద్దపిల్ల, ఆ వెనక అవ్వ, అవ్వ ఒళ్లో చంటిది. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది.

"గదేందన్నా, నెత్తికి పెట్టుకోవాల్నా, హ్యాండిల్‌కా?"

"చౌరస్తాల పోలీసోళ్లుంటరు తమ్మి. ఆడికొచ్చినంక పెట్టుకుంట."

"నాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టు కట్టాలె, హెల్మెట్ పెట్టాలె, బండి నలభై దాటొద్దని 2022లనే రూల్ తెచ్చిండ్రు గదనే."

"అంజన్న ఉన్నడు తియ్!"

ఉన్నాడు, కాదనను. కానీ ఆయన సంజీవని కోసం కొండ మోసుకొచ్చింది యుద్ధం జరిగేటప్పుడు. మన కోసం ప్రతి ఆదివారం మోయమంటే ఎట్లా?

కార్లవాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్ల తెలివి ఇంకో రకం. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యిమంటుంది కదా, దాని నోరు మూయించడానికి ఉత్త క్లిప్పు కొని బెల్టు సందులో దూర్చేస్తారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ కంపెనీలకు నోటీసులిచ్చి అలాంటి క్లిప్పుల ప్రకటనలు 13,118 తీసేయించింది. 2021లో దేశం మొత్తం మీద బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,397 మంది. కారు నోరు మూయించడానికి పైసలు పెట్టి క్లిప్పు కొనుక్కున్న జాతి మనదొక్కటేనేమో.

ఇక వడ్ల సంగతి. యాసంగి కోతలు మొదలైతే ఉమ్మడి కరీంనగర్‌లో సగం రోడ్డు మనది, సగం వడ్లది. రైతును ఒక్కడినే తిట్టి లాభం లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు, ఆరబోసుకుందామంటే కల్లం లేదు, వేడెక్కిన తారు రోడ్డు మాత్రం సర్కారు ఇంటి ముందరికే తెచ్చి పెట్టింది. అయితే పొద్దు గూకినంక ఆ కుప్ప మీద నల్ల కవరు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెట్టి ఇంటికి పోతాడు చూడండి, అక్కడే నా గొడవ. నల్ల రోడ్డు మీద నల్ల కవరు, దీపం లేదు, రేడియం ముక్క లేదు. వడ్లు తడవకుండా ఇంత జాగ్రత్త పడ్డ మనిషికి, అర్ధరాత్రి ఆ దారినే డ్యూటీ దిగి వచ్చే సింగరేణి పిల్లగాడు గుర్తుకు రాడు. ఆ పిల్లగాడు ఒక్కోసారి ఆ రైతు కొడుకే.

ఇక్కడి నుంచి వెక్కిరింత నాకు చేతకాదు.

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. అంజన్నకు ఇష్టమైన రోజు. జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు వందమందికి పైగా ఎక్కించుకుని కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. అరవైమందికి పైగా పోయారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్ లాంటి ఊళ్లలో వీధివీధికీ పాడె లేచింది. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆ డ్రైవర్‌కు అంతకు నెలలోపే, ఆగస్టు 15న, డీజిల్ ఆదా చేసినందుకు ఉత్తమ డ్రైవర్‌గా సన్మానం జరిగిందని అప్పటి పత్రికలు రాశాయి. డీజిల్ బొట్టుబొట్టుకూ లెక్క చూసిన సంస్థకు, సీట్లకు రెట్టింపు మనుషులతో కిక్కిరిసిన బస్సు కొండ దిగుతుంటే లెక్క అడగాలని తోచలేదు. చనిపోయిన డ్రైవర్ మీద నెట్టేయడం సులువే. ఆదాకు సన్మానం చేసినవాళ్లు, భద్రతకు ఏ సన్మానం పెట్టారో కూడా చెప్పాలి.

మూడున్నరేళ్లు తిరక్కుండానే కరీంనగర్ నడిబొడ్డున ఇంకొకటి. 2022 జనవరి 30, ఆదివారం తెల్లవారుజాము. కమాన్ దగ్గర రోడ్డు పక్కన గుడిసెల్లోకి కారు దూసుకొచ్చి నలుగురు ఆడవాళ్ల ప్రాణం తీసింది. స్టీరింగ్ పట్టింది మైనర్ పిల్లవాడు, కారులో ఉన్న దోస్తులూ మైనర్లే. పోలీసులు వాళ్లతో పాటు పిల్లవాడి తండ్రినీ పట్టుకున్నారు. ఆ కారు మీద అతివేగం చలాన్లు అప్పటికే పేరుకుని ఉన్నాయని కూడా బయటపడింది.

నెల తిరిగి మార్చి 1 రాగానే రాష్ట్రమంతా చలాన్ల మీద రాయితీ మొదలైంది. బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబర్‌లో మళ్లీ పెట్టారు, ఈసారి బైకులకు 80, కార్లకు 60. ఆషాఢం సేల్‌లో చీరలకు కూడా ఇంత తగ్గించరు. దాంతో జనానికి ఒక్క సంగతి అర్థమైంది: చలానా వస్తే కట్టొద్దు, ఓపిక పట్టాలి.

మైనర్ చేతికి బండి ఇస్తే మాత్రం డిస్కౌంటు ఉండదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ కింద పిల్లవాడు నేరం చేస్తే తల్లిదండ్రులకు, లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "మావోడు ఆరో తరగతిలనే బండి నేర్చిండు" అని చుట్టాల ముందు మురిసిపోయే బాపులారా, అవ్వలారా, మీకొక్క మాట. ఈ రాత్రి నుంచి బండి తాళం చెవి గోడ మేకుకు తగిలించకండి. మీ దిండు కింద పెట్టుకుని పడుకోండి.