చదవని పుస్తకానికి రేటెక్కువట!

మొన్న దసరా సెలవలకి మా మనవడు బెంగుళూరు నుంచి రాయపూర్ దగ్గర మా ఊరు ఆరంగ్ వచ్చాడు. వచ్చిన సాయంత్రమే అమెరికా కవుల పుస్తకాలున్న నా చెక్క బీరువా తలుపు తీశాడు. కుర్రాడికి ఇన్నాళ్ళకి పుస్తకాల మీద మనసు పోయిందని మురిసిపోయాను. మనసు పోయింది వాటి రేట్ల మీదని కాసేపటికి గాని తెలిసి రాలేదు. ఒక్కో పుస్తకం తియ్యడం, ఫొటో కొట్టడం, ఫోన్ని అడగడం, పెదవి విరవడం.

"దీనికేం రాదు తాతయ్యా, లోపల ఎవరో పేరు రాసేశారు."

ఇంకోటి తీశాడు. "దీనికీ రాదు. లైబ్రరీ ముద్ర ఉంది." మూడోదానికి పైన కాగితం జాకెట్టు లేదట.

"మరి దేనికొస్తుందిరా?" అన్నాను.

"అసలెవరూ తెరవనట్టు ఉండాలి తాతయ్యా."

అదీ సంగతి. పెళ్ళిచూపులకి వచ్చినవాడు కూడా ఇన్ని వంకలు పెట్టడు. మా రోజుల్లో పుస్తకం కొంటే ముందు చూసేది ఎవరు చదివారా అని. పేరుందా, ఊరుందా, తారీఖుందా, అంచున పెన్సిలు గీతలున్నాయా? గీతలుంటే రెండు పుస్తకాలు దొరికినట్టు లెక్క. ఒకటి కవిది, ఒకటి చదివినవాడిది.

ఆరంగ్‌లో కూర్చుని ఈ ముసలాడికి అమెరికా కవిత్వమేమిటి అంటారేమో. మా నాన్న శ్రీకాకుళం మనిషి. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయ్యాక రైల్వే పని మీద ఇటొచ్చి, మహానది ఒడ్డున ఆగిపోయాడు. నేను బళ్ళో ఇంగ్లీషు చెప్పుకుని బతికాను. ఇక అమెరికా కవులంటారా, వాళ్ళు నాకంటే ముందే ఈ జిల్లాలకొచ్చి కాపురం పెట్టారు. బిశ్రాంపూర్‌లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు 1868లోనే దిగారు. ధమ్‌తరీకి అమెరికన్ మెనొనైట్లు 1899లో వచ్చారు. ఆసుపత్రులు కట్టారు, బళ్ళు పెట్టారు. పెట్టెల్లో బైబిలు పక్కనే లాంగ్‌ఫెలోనీ విట్టియర్‌నీ తెచ్చుకున్నారు. ఆ తరం వెళ్ళిపోయాక ఆ పెట్టెలు నెమ్మదిగా రాయపూర్ చేరాయి. గోల్ బజార్ పక్క సందులో కబాడీవాడు, అంటే పాతసామాన్లవాడు, వాటిని కిలోల లెక్కన తూచేవాడు. ఎమర్సన్ బరువెక్కువ. ఎమిలీ డికిన్సన్ తేలిక, అణాల్లో వచ్చేసేది.

కబాడీవాడు తూకానికి పెట్టేలోగా పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, కాగితం ఏ వయసుదో చెప్పగలిగేవాళ్ళం. బాండ్ కాగితమా, గడ్డి కాగితమా, కుట్టు దారమా, జిగురా అన్నీ చేతికే తెలియాలి. సంతకం విషయంలో మాత్రం నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. హౌరా మెయిలెక్కి కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్ళి ఒక పాత విట్మన్ తెచ్చుకున్నాను. బొమ్మ కింద ఆయన సంతకం. మూడేళ్ళు పట్టుగుడ్డలో చుట్టి దాచాను, ఇంట్లోవాళ్ళని ముట్టనివ్వలేదు. చివరికి రాయపూర్ కాలేజీ లెక్చరరొకాయన భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. "మాస్టారూ, ఇది కలంతో పెట్టింది కాదు, అచ్చేసింది. సిరా ఎక్కడా చిక్కబడలేదు, పలచబడలేదు. కాగితం వెనక తడిమి చూడండి, గీత నొక్కు కూడా లేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా విట్మన్ విట్మనే కదా, మర్నాడు మళ్ళీ చదువుకున్నాను.

ఇప్పటివాళ్ళకి ఆ నేర్పు అక్కర్లేదు, బిగించిన పెట్టెలో ధ్రువపత్రంతో సహా సంతకం ఇంటికొస్తుంది. ఇంకో విడ్డూరం విన్నాను. ప్రచురణకర్త వందల కొద్దీ తెల్లకాగితాలు కట్టగట్టి కవి ఇంటికి పంపుతాడట. ఆయన కూర్చుని వరసగా సంతకాలు గీకి తిప్పి పంపిస్తే, వాటిని పుస్తకాల్లో అతికిస్తారట. ఆ కవి ఆ పుస్తకాన్ని కంటితోనైనా చూడడు. దాన్ని సంతకమంటారా? రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర నయం.

సరే, నిజమూ చెప్పుకోవాలి. విట్మన్ కూడా తక్కువ వాడేం కాదు. 1855లో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' సొంత డబ్బుతో 795 కాపీలు వేశాడు, కొన్ని పేజీలకి అక్షరాలు స్వయంగా పేర్చుకున్నాడు, ముఖపత్రం మీద తన పేరు మాత్రం వెయ్యలేదు. ఎమర్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, అడగా పెట్టకుండా అందులో ముక్క తీసి మరుసటేడు రెండో ముద్రణ వీపున బంగారు అక్షరాలతో కొట్టించాడు. ఒంట్లో సత్తువ పోయాక, 1876 నుంచీ కామ్డెన్ ఊళ్ళో ఇంట్లో కూర్చుని, సంతకం పెట్టిన ప్రతులు తానే మూటగట్టి పోస్టులో అమ్ముకున్నాడు. ఈ మాట మనవడితో అంటే "చూశావా తాతయ్యా, ఆన్‌లైన్ అమ్మకం అప్పుడే ఉంది" అన్నాడు. ఆ ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేకపోయింది.

రేట్ల సంగతి అడక్కండి. ఎడ్గర్ ఎలన్ పో పద్దెనిమిదేళ్ళప్పుడు, 1827లో, పేరు వేసుకోకుండా 'టామర్‌లేన్' అచ్చేశాడు. వేసినవి ఓ యాభై కాపీలు, ఇప్పుడు ఆచూకీ తెలిసినవి పన్నెండు. 2009లో ఒకదాన్ని ఆరు లక్షల అరవై రెండు వేల అయిదువందల డాలర్లకి పాడుకున్నారు. పోకి బతికుండగా ఆ సొమ్ములో వెయ్యో వంతు చేతికందినా అప్పులవాళ్ళు ఊరుకునేవాళ్ళేమో. డికిన్సన్ అయితే మరీను. పద్యాలు చిన్న చిన్న పుస్తకాలుగా సూదీ దారంతో కుట్టుకుని సొరుగులో పెట్టుకుంది. 1886లో పోయింది, తొలి పుస్తకం 1890లో వచ్చింది. ఆమె సంతకమున్న ప్రతి అమ్ముతానని ఎవడైనా వస్తే కాఫీ ఇచ్చి పంపెయ్యండి.

మన తెలుగువాళ్ళలో ఈ పిచ్చి సరిగ్గా పట్టినవాడంటే గూటాల కృష్ణమూర్తిగారే. లండన్‌లో స్థిరపడి, ఇంగ్లీషువాళ్ళే మరిచిన ఫ్రాన్సిస్ థాంప్సన్ అనే కవి కోసం 1963లో సంఘం పెట్టారు. తరవాత అది 1890ల నాటి కవులందరి సంఘమైంది. ఆయనే 1981లో శ్రీశ్రీ చేత 'మహాప్రస్థానం' చేతిరాతతో రాయించి, ఆయన గొంతు కాసెట్టుతో సహా లండన్‌లో అచ్చేశారు. పుస్తకమంతా సంతకమే. విశాఖలో మా బావమరిది దగ్గర ఒక ప్రతి ఉంది. చేతులు కడుక్కుని రమ్మని చూపించాడు గాని, రాత్రికి ఇవ్వలేదు. వాడు మంచివాడే, పుస్తకాల దగ్గరే అలా.

ఇక నా సొంత గోడు. గోల్ బజార్‌లోనే రాబర్ట్ ఫ్రాస్ట్ 'కలెక్టెడ్ పోయెమ్స్' దొరికింది, 1930 నాటిది. నెహ్రూగారు కడపటి రోజుల్లో మంచం పక్కన రాసి పెట్టుకున్న ఫ్రాస్ట్ పద్యం కూడా అందులో ఉంది. ఆ 1930లోనే ఫ్రాస్ట్ సంతకంతో కొన్ని ప్రతులు వేరే వేశారు. నాది అది కాదు, మామూలుది. అయితే అట్ట లోపలి వైపు, ఎడమ పక్కన, నీలం సిరాతో నాలుగు వరసలుండేవి. 1931 క్రిస్మస్‌కి ఇండియానా నుంచి ఒక తల్లి, ధమ్‌తరీలో ఉన్న కూతురికి పంపింది. అక్కడ మంచు పడుతోందనీ, నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదనీ రాసింది. నాకు ఫ్రాస్ట్ సంతకం కన్నా అదే ఎక్కువ.

అట్ట ఊడిపోతోందని ఒక బైండరుకిచ్చాను. వాడు మూడు వైపులా మిషను మీద కోసి, కొత్త కాలికో అట్ట వేసి, మెరిసిపోయేలా తెచ్చాడు. పాత అట్టలేవిరా అంటే, "చెదపట్టినవి ఎందుకు బాబూజీ, పారేశాను" అన్నాడు.

మా ఊరి పేరులోనే రంపముంది. మోరధ్వజ మహారాజు అతిథి కోరాడని కొడుకునే ఆరాతో, అంటే రంపంతో, కోశాడనీ, అందుకే ఇది ఆరంగ్ అయిందనీ ఇక్కడివాళ్ళు చెబుతారు. మన జైమిని కథలో కోయించుకున్నది మయూరధ్వజుడే. కోస్తుంటే ఆయన ఎడమ కంట మాత్రం నీరొచ్చిందట. కుడి సగం అతిథికి పనికొచ్చింది, నేను పనికిరాకపోయానే అని ఎడమ సగం ఏడ్చిందట. ఆ రోజు బైండరు పారేసిన అట్ట కోసం కబాడీ సందులన్నీ వెతికి ఉత్త చేతులతో తిరిగొస్తూ బస్సులో ఆ కథే తలుచుకున్నాను.

మనవడు ఆ ఫ్రాస్ట్‌ని కూడా ఫొటో తీశాడు. "తిరిగి బైండు చేయించారు కాబట్టి దీనికీ ఏం రాదు" అన్నాడు. ఆ ఎడమ అట్ట ముక్క గురించి వాడికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. రాయపూర్‌లో గాని ధమ్‌తరీలో గాని నీలం సిరా నాలుగు వరసలతో, 1931 తారీఖుతో ఒక పాత అట్ట కనిపిస్తే పారెయ్యకండి. దాని పుస్తకం ఆరంగ్‌లో ఉంది.