ఒకే కుటుంబం, పార్సిల్ భోజనం

"మీ పక్కవారి వైపు తిరిగి, నిన్ను చూడడం నాకు సంతోషం అని చెప్పండి" అంటాడు వేదిక మీది తమ్ముడు. అందరం తిరుగుతాం. పక్కాయన పేరు మనకు తెలియదు, మన పేరు ఆయనకు తెలియదు. అయినా ఒకరిని చూసి ఒకరం చెప్పలేనంత సంతోషపడతాం. ఈలోగా కీబోర్డు కుర్రాడు తర్వాతి పాట ఎత్తుకుంటాడు. సహవాసం అయిపోయింది, కానుకల సంచి వస్తోంది.

పట్టణాల్లో ఏ మందిరం ముందు చూసినా ఫ్లెక్సీ మీద ఇదే పిలుపు: రండి, మా కుటుంబంలో చేరండి. అందులో పాస్టరుగారూ అమ్మగారూ నిలువెత్తున ఉంటారు. కుటుంబం మాత్రం కనబడదు. బహుశా మూడో ఆరాధనకి కార్లు లోపలికి రావాలని రెండో ఆరాధన కుటుంబాన్ని బయటికి పంపించే పనిలో ఉండి ఉంటుంది.

కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యెత్తాలి. ఎత్తితే చప్పట్లు, చేతిలో ఒక కార్డు, కార్డులో ఫోను నంబరు గడి. సోమవారం తెల్లవారేసరికి మీరు ప్రార్థన గ్రూపులో ఉంటారు. రోజాపువ్వు మీద వాక్యం, సూర్యోదయం మీద వాక్యం, ఎవరో పొరపాటున పంపిన ప్లాట్ల ప్రకటన. వాటి మధ్య ఒకావిడ రాస్తుంది: మా ఆయనకి రేపు ఆపరేషన్, ప్రార్థించండి. నిమిషంలో జోడించిన చేతుల బొమ్మలతో తెర నిండిపోతుంది. మర్నాడు ఆసుపత్రికి క్యారియర్ పట్టుకొచ్చేది ఎదురింటి కిరాణాకొట్టాయన భార్య. ఆవిడ ఏ గ్రూపులోనూ లేదు. పాపం, జోడించిన చేతుల బొమ్మ ఎక్కడుంటుందో కూడా ఆవిడకి తెలియదు.

ఇది ఈ కాలపు జాడ్యమని పెద్దలు వాపోతారు, ఫోన్లొచ్చి పాడయ్యామంటారు. ఫోన్లు లేని రోజుల్లో పౌలు గలతీయులకు రాసిన ఉత్తరం చూడండి. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి తనవాళ్లు కొందరు దిగగానే బల్ల దగ్గర నుంచి మెల్లగా జారుకున్నాడు. పౌలు అందరి ముందూ దులిపేశాడు. కొరింథులో ఇంకా ఘోరం. ప్రభువు భోజనానికని చేరిన చోట ఉన్నవాళ్లు ముందే మెక్కేవారు, లేనివాళ్లు ఆకలితో కూర్చునేవారు. సంఘం మొదలైన పాతికేళ్లకే అసలు గొడవంతా కంచం దగ్గరే తేలింది. సిద్ధాంతాల తగాదా తర్వాత, పక్కన ఎవరు కూర్చున్నారన్నది ముందు.

మన దగ్గరా అంతే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి పై కులాల వాళ్లు కొందరు వచ్చి, సంఘంలో చేరతాం గానీ ఆ మాదిగవాళ్లని చేర్చుకోవద్దన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. వాళ్లు రాలేదు, మాదిగలు వచ్చారు. తర్వాత 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కొంత గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకెను మనవాళ్లు ఇప్పటికీ మహాసభల్లో గర్వంగా చెబుతారు. ఆ అంకె వెనకున్న కాలువ సంగతి ఎవరూ ఎత్తరు. ఒకే గట్టు మీద మట్టి మోసి, ఒకే కరువులో ఎండినవాళ్లు వాళ్లు. వాళ్లకి పక్కవారి పేరు ఏమిటో ఎవరూ మైకులో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు గుంటూరు, ప్రకాశం వైపు మర్యాదస్తులు కులం అడగరు. "మీదే మిషను బాబూ?" అంటారు. బాప్టిస్టా, లూథరనా, ఆర్‌సీఎమ్మా అన్న జవాబులోంచి తమకు కావలసింది ఏరుకుంటారు. ఇంకా అనుమానం తీరకపోతే తాతగారి ఊరు అడుగుతారు, ఊరు చాలకపోతే ఊళ్లో ఇల్లెక్కడో అడుగుతారు. పెళ్లి ప్రకటనల్లో ఆ మర్యాద కూడా ఉండదు: దైవభయం గల క్రైస్తవ కుటుంబం, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను, కులం ఫలానా. మన చట్టం చూస్తే దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం వాడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో అతన్ని ఒక్క శాతం వాటా ఉన్న బీసీ-సీలో పడేస్తారు. ప్రభుత్వం లెక్కలో బాప్తిస్మంతోనే కొట్టుకుపోయే కులం, సంఘం లెక్కలో ఆ నీళ్లలో కనీసం తడవదు.

అందుకని ఆదివారం యోహానుగా ఉండేవాడు సోమవారం సర్టిఫికెట్లో ఎల్లయ్యగా ఉంటాడు. పిల్లవాడి చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద వేలాడుతున్నాయి. సంఘం రిజిస్టరులో తన పేరు ఎక్కడ కనబడుతుందోనని భయం. అలాంటివాణ్ణి గృహకూటంలో గుండ్రంగా కూర్చోబెట్టి, "మనసు విప్పి పంచుకోండి బ్రదర్, ఇక్కడ అందరం మనవాళ్లమే" అంటారు. పేరే చెప్పలేనివాడు మనసేం విప్పుతాడు? వాతావరణం గురించి సాక్ష్యం చెప్పి, టీ తాగి వెళ్లిపోతాడు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. మన దోర్నకల్లులో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడికి వెళ్లి దొరల సభలో నిలబడి, మీ త్యాగాలు చూశాం, మీ దానాలు అందుకున్నాం, ఇక మాకు స్నేహితులు కావాలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. హాలు ఇబ్బందిగా కదిలింది. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. దొరలు వెళ్లిపోయి చాలాకాలమైంది. వాళ్ల బంగళాలు మనకొచ్చాయి, వాళ్ల కుర్చీలు మనకొచ్చాయి. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి, వరండాలో ఎవరు నిలబడాలి అన్న లెక్క కూడా చెక్కుచెదరకుండా మనకే దక్కింది. అజరయ్య ఇప్పుడొచ్చి అదే అడిగితే మనం ఇబ్బంది పడం. స్నేహ కమిటీ ఒకటి వేసి ఆయన్ని కన్వీనరుగా పెడతాం.

అన్నీ ఇలాగే ఉన్నాయనను. హైదరాబాదులో 1950లో హెబ్రోను మందిరం మొదలుపెట్టిన భక్తసింగ్ ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు పెట్టించేవారు. డాక్టరైనా రిక్షా లాగేవాడైనా నేల మీదే వరసగా కూర్చోవడం, అదే అన్నం, అదే సాంబారు. ఆయన బోధలో కొన్నిటితో నాకు పేచీ ఉంది గానీ ఆ పంక్తితో లేదు. చాప మీద పక్కవాడి మోకాలు తగులుతుంటే గంభీరంగా ఉండడం కష్టం. ఇప్పుడు చాలా చోట్ల ప్రేమవిందు అంటే గేటు దగ్గర బిర్యానీ పొట్లం. తీసుకుని ఇంటికెళ్లి తలుపేసుకుని తినాలి. ప్రేమ పార్సిలయింది, విందు విడిగా జరుగుతుంది.

నిజమైన సంఘం ఎక్కడుందో తెలుసుకోవాలంటే వేదిక వైపు చూడకూడదు, వెనక పంపు దగ్గరికి వెళ్లాలి. గుండిగలు తోమే ఆడవాళ్లకి ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో తెలుసు, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదో తెలుసు. స్త్రీల మైత్రిలో గంటకు పైగా ప్రార్థించి, ఆ తర్వాత అంతకు రెట్టింపు సేపు కబుర్లాడతారు. అయ్యవార్లు ఆ కబుర్లని చులకన చేస్తారు గానీ చావు కబురొస్తే ముందు బయల్దేరేది వాళ్లే. శవాన్ని కడగడానికి, ఏడ్చేవాళ్ల చేత నాలుగు ముద్దలు తినిపించడానికి వాళ్లకి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. వాళ్ల ఫొటో ఫ్లెక్సీలో ఉండదు.

ఈమధ్య ఒక సంఘంలో సహవాసం పలచబడిందని గ్రహించి, దాన్ని పెంచడానికి ఓ కమిటీ వేశారు. రిసార్టులో రెండు రోజుల రిట్రీట్ పెడదామన్నారు. పరిచయానికి బెలూన్ల ఆట ఆడిద్దామన్నారు. అందరికీ ఒకే రంగు టీషర్టు ఉంటే ఐక్యత కనబడుతుందన్నారు. టీ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చిన ముసలమ్మ ఆగి, "ఆదివారం కూడు ఇక్కడే వండుదాం అయ్యా, నలుగురం ఇక్కడే తిందాం, బియ్యం నేను కడుగుతా" అంది.

గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఒకరు గ్యాసు ఖర్చు లేవనెత్తారు. ఒకరు పార్కింగు సంగతి ఎత్తారు. మూడో ఆయన గొంతు తగ్గించి, "మన దగ్గరికి అన్ని రకాలవాళ్లూ వస్తున్నారు కదా, ఎవరు వండాలి అన్నది మళ్లీ..." అని పూర్తిచేయకుండా వదిలేశారు. అందరికీ పూర్తిగా అర్థమైంది.

"మంచి ఆలోచనమ్మా, ప్రార్థనలో పెడదాం" అన్నారు అధ్యక్షులు.

టీషర్టు మాత్రం ప్రార్థన లేకుండానే ఖరారైంది. రంగు నీలం, వీపు మీద 'మనం ఒకే కుటుంబం' అన్న అచ్చు. సైజులు శనివారం లోపు గ్రూపులో పెట్టాలి. డబ్బులు ముందే కట్టాలి.