పరుల పెరటిలో నా త్రోవ

నన్ను కన్నులార చూచినవారు మిక్కిలి కొద్దిమంది. నన్ను గూర్చి కలహించినవారు మాత్రము రెండిండ్లవారు. 6 అంగుళముల వ్యాసమును, 2 అడుగుల పొడవును గల మట్టిగొట్టములు ఒకదాని మెడలో నొకటి యొదిగి యేర్పడిన మురుగుబాటను నేను. బంకమన్నును మర్దించి, గొట్టముగా మలచి, బట్టీలో నెర్రగా కాల్చి, మంట పరాకాష్ఠ నందుకొన్న వేళ ఉప్పు చల్లగా, ఆ లవణము ఆవిరియై మట్టిలోని యిసుకతో కలిసి నా మేనిపై గాజుపొరగా నిలిచినది. ఆ పొర యుండుటచేతనే మురుగులోని యామ్లములు నన్ను కొరుకజాలవు. నా గోడలనుండి చెమ్మ వెలికి రాదు.

స్వాతంత్ర్యము వచ్చిన కొలదికాలమునకు, కృష్ణాతీరమందలి యొక పట్టణములో, ఒక గృహస్థు తన పెరటినుండి వీధిలోని మునిసిపల్ కాలువవరకు నన్ను పరపించెను. తాపీమేస్త్రి 60 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు చూచి, అతుకులలో జనుపపోగులు కూరి, పైని సిమెంటు మెత్తెను. మురుగునీరు సెకనుకు సుమారు రెండున్నర అడుగుల వేగముతోనైన నడువకున్నచో, మడ్డి యడుగున పేరుకొని కాలక్రమమున దారి మూసికొనిపోవునని యాతడు యజమానికి బోధించిన మాటయే నా జీవితధర్మమైనది.

ఆ గృహస్థు కాలము చేసిన పిదప కుమారు లిరువురును భాగములు పంచుకొనిరి. వీధివైపు భాగము అన్నగారికిని, పెరటివైపు భాగము తమ్మునికిని వచ్చెను. పంపకాల దస్తావేజులో నూతికి వంతులు వ్రాసిరి, కొబ్బరిచెట్లకు లెక్క వ్రాసిరి; తమ్ముని యింటి నీటిని అన్నగారి నేలక్రిందుగా మోయుచున్న నన్ను గూర్చి యొక్క యక్షరమైనను వ్రాయరైరి. అయినను నేను దిక్కులేనిదానను గాను. 1882వ సంవత్సరమున చెన్నరాజధానిలో అమలునకు వచ్చిన భారత ఈజ్‌మెంటుల చట్టములోని 13వ సెక్షను ననుసరించి, ఉమ్మడియాస్తిని పంచుకొనునపుడు ఒక భాగము ననుభవించుటకు రెండవ భాగముపై నవసరమై, కంటికి తెలియుచు నెడతెగక సాగు సౌకర్యము, విరుద్ధమైన యొడంబడిక లేనంతవరకు, ఆ భాగస్థునకు సంక్రమించును. భూగర్భమందున్న తూమైనను, తెలిసినవాడు శ్రద్ధగా పరిశీలించి కనుగొనదగినదైనచో, దానిని కంటికి తెలియుదానిగనే యా చట్టము పరిగణించును.

అన్నదమ్ములు జీవించియున్నంతకాలము చట్టముతో బని లేకపోయెను. వారి యనంతరము వీధిభాగమును వేరొకరు కొనిరి. క్రయదస్తావేజులో నిధి నిక్షేప జల పాషాణాదులైన అష్టభోగములును యథావిధిగా వెలసినవి. నా యునికిని మాత్రము అమ్మినవారు చెప్పలేదు. ఆస్తియందు అమ్మువాడెరిగినదియు, కొనువాడు సామాన్యశ్రద్ధతో కనుగొనజాలనిదియు నగు ముఖ్యలోప మున్నచో, దానిని వెల్లడించు బాధ్యత అమ్మువానిదేయని ఆస్తి బదలాయింపు చట్టము విధించుచున్నది. కష్టార్జితముతో కొన్న నేలలో పునాది త్రవ్వుచుండగా పరుల మురుగు కనబడినపుడు ఆ క్రొత్త యజమాని హృదయ మెంత క్షోభించినదో నే నెరుగుదును. ఆ యాగ్రహమున నాతడు ఇటుకలతో నా నోరు మూయించెను. ఆ రాత్రి కురిసిన వానకు వెనుకయింటి వంటగదిలోనికి మురుగు పొంగెను. తెల్లవారకమునుపే ఆ యింటి పడుచువాండ్రు గునపములు చేతబట్టి బయలుదేరిరి.

వారి నాపినవారు ఎదురింటి వృద్ధ ప్లీడరుగారు. "ఆగండి నాయనా! అడ్డు అన్యాయమైనదే; దానిని మీ చేతులతో తొలగించు హక్కు మీకు లేదు. ఈజ్‌మెంటుల చట్టములోని 36వ సెక్షను నిషేధించినది. నష్టపరిహారమునకును, నిషేధాజ్ఞకును కోర్టున్నది" అని వారించి, ఇరుపక్షములవారిని తమ యరుగుపై గూర్చుండబెట్టి, ఎవరి ధర్మము వారికి తెలియజెప్పిరి.

"బాబూ, నేల నీదే. దానిని నీ యిష్టము వచ్చినట్లు వాడుకొనవచ్చును; వారి నీటి నడకకు ఇబ్బంది కలిగింపరాదు, అంతియే. వారి గొట్టమును బాగుచేయించు భారము నీకు లేదు" అని కొన్నవానితో ననిరి. పిదప వెనుకయింటి యజమానురాలివైపు తిరిగి, "మరమ్మతునకు నీవు పొరుగునేలలో ప్రవేశించి త్రవ్వవచ్చునమ్మా, త్రవ్వినచోటిని మరల యథాస్థితికి దేవలెను. ఖర్చు నీది. బాగుచేయక విడిచిన గొట్టమువలన వారికి కలిగిన నష్టమునకును నీవే బాధ్యురాలవు. వారికి అత్యల్పమైన శ్రమ కలుగునట్లే నీ హక్కును వాడుకొనవలెను, మేడమీద మేడ కట్టి అద్దెకిచ్చి, ఆ మురుగంతయు ఈ గొట్టముపై మోపుటకును వీలులేదు" అనిరి.

ఆ మాటలలో నా జీవితసారమంతయు నున్నది. ఉభయులును సమ్మతించి, నన్ను పునాదులనుండి లేపి, వెనుకయింటివారి ఖర్చుతో ప్రహరీగోడ వెంబడి మరల పరపించిరి. మలుపున మూతగల చిన్న తొట్టి కట్టించిరి. నాపై మూడడుగుల పట్టీలో కట్టడముగాని, అతుకులలో వేళ్లు జొనుపు మహావృక్షముగాని యుండరాదని నిర్ణయించి, పటముతో కూడ రిజిస్టరు చేయించిరి. నా దారి కాగితముపైకి ఎక్కిన నాటినుండి ఇరువురికిని మాటపట్టింపు రాలేదు.

నన్నాశ్రయించినవారి నొకటి వేడెదను. గుడ్డపీలికలను, వంటజిడ్డును నాలో విడువకుడు. నేను పూడినపుడు వెదురుబద్దలతోనో, యంత్రముతోనో శుభ్రపరపుడు. నేను కలియు వీధి మురుగులోనికి రక్షణసాధనములు లేని మనుష్యుని దింపకుడు. 2013వ సంవత్సరపు చట్టము దానిని నేరముగా నెంచినది. చట్టము చేయకపోయినను, తమ యింటి శుభ్రతకై పరుల ప్రాణ మడుగుట మానవధర్మము గాదు.

ఇల్లు కొనబోవువారు గదులను, గాలిని, వెలుతురును చూచిన పిమ్మట, ఇచ్చటి నీరు ఎవరి నేలక్రిందుగా పోవుచున్నది, ఎవరి నీరు ఈ నేలక్రిందుగా వచ్చుచున్నదని తప్పక యడుగవలెను. అమ్మువారు దాచక చెప్పవలెను. వ్రాయువారు దస్తావేజులో ఎల్లలతోపాటు నా దారినిగూడ వ్రాయవలెను. ఆ నాలుగు పంక్తులు లేకపోవుటచేతనే పొరుగువారు పగవారగుట నేను చూచితిని. అవి వ్రాసికొన్నవారు ఒకరి పెండ్లికి ఒకరు పందిరి వేయుటయు చూచితిని.