నిమ్మరస ప్రకాశిక

మూలం: "భాష ఒక్క ముక్క రాదు. అయినా జపాన్ పాట విని తెల్లార్లూ ఏడ్చిన. పాటకు భాషతోని పనేంది?" (నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి చాయ్ హోటల్లో ఒక రసికోత్తముడి ఉవాచ.)

టీక: ప్రతిపదార్థం సులభం గనుక విడిచితిమి. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కొలచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనది మెదక్ సీమ, మాది నల్లగొండ. ఆ కట్టుబాటు మాకు చెల్లదు.

"జపాన్ పాట" అనగా కెన్షి యోనెజు తానే రాసి, బాణీ కట్టి, పాడిన 'లెమన్'. 2018 నాటిది. అసహజ మరణాల గుట్టు విప్పే టీవీ సీరియల్ కోసం ఆ పాట రాస్తుండగానే ఆయన తాత పోయాడు. కరుణానికి ఆలంబనం ఆ తాత. మన రసికుడు యోనెజు పేరు తప్పులేకుండా పలుకుతాడు గానీ తాత సంగతి ఎరుగడు.

"లెమన్" అన్నచోట కొంత విస్తరం తప్పదు. యోనెజు పుట్టిన తోకుషిమా, సుదాచి అనే చిన్న పచ్చని పుల్లకాయకు పేరుపడ్డది. నల్లగొండ మాత్రం తీసిపోయిందా? బత్తాయి సరేసరి, నిమ్మకైతే నకిరేకల్‌లో మార్కెట్టే ఉంది. గ్రీష్మంలో వ్యాపారి రైతు వెంట తిరుగును, వర్షర్తువులో రైతు వ్యాపారి వెంట తిరుగును. ఈ ఘట్టం 'ఋతుసంహారం'లో కానరాదు, కాళిదాసు యార్డుకు బస్తాలు తోలినవాడు కాడు గనుక. ధర పడితే కోతకూలీ కూడా గిట్టదు. కాయ చెట్టుకిందే మురుగుతుంది. అప్పుడు పుట్టేది కరుణమా, రౌద్రమా అన్నది ఆలంకారికులు తేల్చలేదు, రైతులు తేల్చుకున్నారు. పోయిన వానాకాలం మా మేనమామ... ఇంతకూ ప్రకృతం ఏమి? ఆ, ఏడ్పు.

పూర్వపక్షం: అర్థంతో పనిలేని గీతధ్వనులు కూడా రసాన్ని వ్యంజింపజేస్తాయని 'ధ్వన్యాలోకం'లో ఆనందవర్ధనుడే ఒప్పుకున్నాడు గదా?

సిద్ధాంతం: ఒప్పుకున్నాడు. కశ్మీరంలో కూర్చుని వెయ్యేండ్ల కిందనే మన రసికుడికి జామీను ఇచ్చిపోయాడు. కనుక ఏడ్వనిండు. మా పేచీ "పనేంది" అన్నకాడ. ఈయనే మొన్న ఒక సభలో మైకు పట్టి "ఇప్పుడొక జానపదం" అన్నాడు. వచ్చింది సుద్దాల హనుమంతు పాట, 'మా భూమి' సినిమాలో వినబడ్డదే. జనం పాడుకుంటే జనమే రాసినట్టా? రాసినాయనకు పేరుంది, ఊరుంది, ఆ ఊరు పాత నల్లగొండ జిల్లాలోనే ఉంది. పాలమూరు గౌరారం గోరటి వెంకన్న కూడా తానే కట్టి తానే పాడేవాడు. 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా, బరాత్‌లో డీజే పిలగానికి ఆయన పాట వట్టి "ఫోకే".

తాత్పర్యం: అర్థంకాని పాటకు కవి దొరికాడు, అర్థమయ్యే పాటకు దొరకలేదు. సభలు నడిపే అయ్యలారా, హనుమంతు పాట పాడించేముందు ఆయన పేరు చెప్పండి. నాలుగక్షరాలే.