పంతులుగారూ, ఒక్క నిమిషం ఆగండి

పెళ్లికి ముహూర్తం పంతులుగారు పెడతారనుకునేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే ఆ భ్రమ వదిలించుకోవచ్చు. పంతులుగారు పంచాంగం చూసి రెండు మూడు తేదీలు చెప్తారు. వాటిలో ఏది ఖాయం చేసుకోవాలో ఫోటోగ్రాఫరు చెప్తాడు. "పద్నాలుగు ఫుల్లండి, పదహారు ఫుల్లండి, పంతొమ్మిది రాత్రయితే చూద్దావండి ఆయ్" అని. తారాబలం, చంద్రబలం చూసుకుంటే చాలదు, కెమెరాబలం కూడా కుదరాలి.

మా అమ్మాయి పెళ్లి. మాఘమాసం, నిడదవోలు. కూతురి పెళ్లి చేసినవాళ్లకి మిగతాది తెలుసు, చేయనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

మూఢం వెళ్లగానే మా వైపు పెళ్లిళ్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే రాత్రి పడతాయి. కొవ్వూరులో అదే లగ్నం, తణుకులో అదే లగ్నం, తాడేపల్లిగూడెంలోనూ అదే. అంచేత మన ఇంటికొచ్చి, కాఫీ తాగి, శాంపిల్ ఆల్బమ్ తిప్పి చూపించి మురిపించిన మనిషి ఆ రాత్రి మన పందిట్లో కనపడడు. "మా టీమ్ వస్తాదండి" అంటాడు. టీమ్ అంటే మొన్న మాఘం దాకా లైటు పట్టుకున్న కుర్రాడు. పెళ్లిచూపుల్లో అక్కని చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టినట్టన్నమాట. అందుకని ఇప్పుడు ఎవరొచ్చినా నేను ముందు అడిగేది రేటు కాదు. "ఈ ఫోటో తీసింది నువ్వేనా నాయనా? ఆ రాత్రి నువ్వే వస్తావా?" ఈ రెండు ప్రశ్నలకి సగంమంది కాఫీ కూడా పూర్తిచేయకుండా లేచిపోయారు.

కాఫీ పూర్తిచేసినవాళ్లు ప్యాకేజీల్లోకి దిగారు. ట్రెడిషనల్ ఫోటో ఒకరు, ట్రెడిషనల్ వీడియో ఒకరు, క్యాండిడ్ ఒకరు, సినిమాటిక్ ఒకరు, డ్రోన్ ఒకరు, ఎల్‌ఈడీ స్క్రీన్, యూట్యూబ్ లైవ్, 12×36 సైజు కరిజ్మా ఆల్బమ్. మగపెళ్లివారికి ఇంకో ఆల్బమ్, అది వేరే లెక్క. రేట్లు అరవై వేల దగ్గర బయల్దేరి మూడున్నర లక్షల దగ్గర ఆగాయి. ఆగింది కూడా నా మొహం చూసి.

క్యాండిడ్ శాంపిళ్లు చాలా శ్రద్ధగా చూశాను. పెళ్లికూతురి ఎడమ కంటి రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. కుడి కన్ను అప్పటికే మసక. ఆ వెనక పసుపుపచ్చగా, ఆకుపచ్చగా ఏవో గుండ్రని వెలుగులు. "అవేంటి?" అని అడిగితే, "డెకరేషనండి. ఎనభై అయిదు లెన్సు, ఒన్ పాయింట్ ఫోర్‌లో కొట్టావండి, బ్యాక్‌గ్రౌండంతా కరిగిపోద్ది" అన్నాడు గర్వంగా. కడియం నుంచి వ్యానులో పూలు తెప్పించి, రాత్రంతా మనుషుల్ని పెట్టి కట్టించి, లక్షలు పోసిన మండపం అది. దాన్ని కరిగించడానికి మళ్లీ ఇతనికి విడిగా డబ్బులు. ఆ గుండ్రాల మధ్య ఒక గోధుమరంగు మరక ఉంది. బహుశా పెళ్లికూతురి మేనమామ.

ఇక ప్రీ వెడ్డింగ్. అదెందుకని అడిగే వయసు నాకు దాటిపోయిందట, అమ్మాయి ఫోన్లో చెప్పింది. లొకేషన్లు మాత్రం వినే హక్కుంది. పాపికొండల మధ్య లాంచీ, కడియం నర్సరీలు, దిండి రిసార్టు, అంతర్వేది ఇసుక, రాజమండ్రిలో హేవలాక్ వంతెన వెనకాల పడేలా గోదారి గట్టు. ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి, జంటలు మాత్రం దాన్ని వదలడం లేదు. "మా నిడదవోలులో ఏమీ పనికిరాదా?" అన్నాను ఊరి పౌరుషంతో. "కాలవ గట్టు బాగుంటాదండి, కరెంటు తీగలు పడిపోతన్నాయండి" అన్నాడు.

అప్పుడు మా బావమరిది అందుకున్నాడు. "కుమారదేవం సినిమా చెట్టు కింద తీయిద్దాం బావా!"

ఫోటోగ్రాఫరు టోపీ తీశాడు. "చెట్టు పడిపోయింది కదండి."

ఇక్కడ నేను కాస్త ఆగాలి. ఫోటోగ్రాఫరు సంగతి తర్వాత, ఆ చెట్టుకి ముందు దణ్ణం పెట్టుకోవాలి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి ఒడ్డున 150 ఏళ్ల నిద్రగన్నేరు అది. 'పాడిపంటలు' సినిమా రోజుల నుంచి 300కు పైగా సినిమాల్లో వేసిందంటారు. విశ్వనాథ్ దాని కింద తీశారు, రాఘవేంద్రరావు తీశారు, వంశీకైతే అది ఆస్థాన నటి. తెలుగు సినిమాలో ఊరి పెద్ద తీర్పు చెప్పాలన్నా, కథానాయిక ఉయ్యాల ఊగాలన్నా, మధ్యాహ్నం సద్దిమూట విప్పాలన్నా ఆ కొమ్మల కిందే. అన్ని సినిమాలు చేసినా ఒక్కనాడు కారవాన్ అడగలేదు. డేట్లు కుదరవనలేదు. తను రాకుండా టీమ్‌ని పంపలేదు. పేర్లలో తన పేరు ఎన్నో వరసలో వేశారని అలగలేదు. దానికున్నది ఒకటే నియమం. నిద్రగన్నేరు గనక పొద్దుగూకేసరికి ఆకులు ముడుచుకుని పడుకునేది. సాయంత్రం ఆరు దాటితే కాల్షీట్ లేదు. ఇంత క్రమశిక్షణ ఉన్న ఆర్టిస్టుని తెలుగు సినిమా మళ్లీ చూడలేదు.

2024 ఆగస్టులో, వానల్లో, నిలువునా చీలి పడిపోయింది. మా వైపు జనం వెళ్లి చూసొచ్చారు. మా బావమరిది కూడా వెళ్లాడట, వెళ్లిన సంగతి గుర్తుంది కానీ చెట్టు పడిపోయిందన్న సంగతి మర్చిపోయాడు. వాడికది మామూలే. "పర్లేదులే, ఏఐలో నిలబెట్టెయ్యొచ్చుగా?" అన్నాడు.

"నిలబెట్టేద్దావండి. మునుపటికన్నా బాగుంటాది, పూలు కూడా వేయించేద్దావండి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

నాకు ఆశ పుట్టింది. "చెట్టునే ఏఐలో నిలబెట్టగలిగితే పిల్లనీ కుర్రాణ్ణీ కూడా అందులోనే నిలబెట్టెయ్యి. లాంచీలు, రిసార్టులు, మేకప్పులు అన్నీ కలిసొస్తాయి" అన్నాను.

కొంచెం ఆలోచించి, "అలాగైతే రేటు తగ్గిపోద్ది కదండి" అన్నాడు.

చెట్టుని ఇంతసేపు పట్టుకు వేళ్లాడినందుకు కారణముంది. కెమెరాల మధ్య అంతకాలం బతికి ఎవరికీ అడ్డం నిలబడని ప్రాణి నాకు తెలిసి అదొక్కటే. మొన్న బంధువులింట్లో పెళ్లికి వెళ్లాను. మొదటి వరసలో కూర్చోబెట్టారు. ముహూర్తమంటే మనకి జీలకర్ర-బెల్లం, అడ్డుతెర దించడం. తమలపాకులో నూరిన ముద్ద, చెరో చేయీ తల మీదికి వెళ్తోంది, పందిరంతా అక్షింతలు పట్టుకుని లేచి నిలబడింది. నాకు కనపడింది నల్ల టీషర్టు వేసుకున్న ఆరు వీపులు. ఒక వీపు మీద ఆ స్టూడియో ఫోన్ నంబరు కూడా ఉంది. బాజాలు అందుకున్నాయి, అక్షింతలు వేశాం, ఎక్కువభాగం ఆ వీపుల మీదే పడ్డాయి. ఇంతలో ఒక గొంతు: "పంతులుగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఫోకస్ అవ్వలేదు, తెర ఇంకోసారి పట్టుకోండి." పట్టుకున్నారు! పెళ్లికొడుకు ముద్ద తీసి మళ్లీ పెట్టాడు, పెళ్లికూతురు అతన్ని మళ్లీ మొదటిసారి చూసింది. ఆ పంతులుగారి మొహం ఒక్కటి క్యాండిడ్‌గా తీసుంటే ఎంత బాగుండేది!

పది అడుగుల దూరంలో జరుగుతున్న పెళ్లి కనపడక జనమంతా పక్కన ఎల్‌ఈడీ స్క్రీన్ వైపు తిరిగి చూస్తున్నారు. డబ్బిచ్చి మనుషుల్ని అడ్డం పెట్టుకోవడం, వాళ్లు అడ్డమొచ్చారని మళ్లీ డబ్బిచ్చి స్క్రీన్ పెట్టించుకోవడం. దీన్ని కూడా ప్యాకేజీ అనే అంటారు.

ఇంత చేశాక ఆల్బమ్ ఎప్పుడిస్తారు? మూడు నెలలన్నారు. ఈ మూడు నెలలు మాకు కొత్త కాదు. కాకతీయ రుద్రమదేవిని పెళ్లాడిన చాళుక్య వీరభద్రుడు మా నిడదవోలు వాడే. 13వ శతాబ్దంలో జరిగిన ఆ పెళ్లికి వీడియో 2015లో వచ్చింది. గుణశేఖర్ తీశారు, అదీ త్రీడీలో, పెళ్లికొడుకు రానా, పెళ్లికూతురు అనుష్క. ఏడువందల ఏళ్ల పైచిలుకు ఆలస్యమైనా చెప్పినదానికన్నా బాగానే ఇచ్చారు. అయితే ఆలస్యంలో ఫోటోగ్రాఫర్ల తప్పు సగమే, ఆ మాట ఒప్పుకోవాలి. నాలుగైదు వేల ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో వేసి ఇస్తారు, అది కూడా మనమే కొనిపెట్టాలి. అందులో రెండొందలు ఏరి పంపితే గానీ ఆల్బమ్ పని మొదలవదు. ఏరాల్సిన పిల్లలు అప్పటికి బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. మా బంధువుల్లో ఒకరింట్లో సెలెక్షన్ పూర్తయ్యేలోగా పిల్లవాడికి అక్షరాభ్యాసం అయిపోయింది.

మా పెళ్లి వీడియో సంగతి ఇంకోరకం. హాలోజన్ లైటు వేడికి నేనూ మా ఆవిడా పెళ్లంతా కళ్లు మూసుకునే ఉన్నాం. ఆ తర్వాత మిక్సింగులో ఆవిడ తామరపువ్వులోంచి, నేను ఎందుకో జలపాతంలోంచి పుట్టాం. ఇప్పుడా క్యాసెట్‌కి లోపల బూజు పట్టింది, చూడ్డానికి యంత్రమూ లేదు. జపాన్‌లో ఫునాయ్ అనే కంపెనీ 2016 జూలైలో ఆఖరి వీసీఆర్లు చేసి మూసేసింది. నన్ను జలపాతంలో చూసే ప్రమాదం ప్రపంచానికి శాశ్వతంగా తప్పింది.

మా నాన్నగారు పోయినప్పుడు పెద్ద ఫోటో కావాల్సొచ్చింది. ఇల్లంతా వెతికాం. చివరికి మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్ తీశాం. దాన్నిండా ఆయన ఉన్నాడు, కానీ ఒకచోట భుజం, ఒకచోట బిందె పట్టుకున్న చేయి, ఒకచోట షామియానా వాడితో కుర్చీల లెక్క మాట్లాడుతూ వెనక్కి తిరిగున్న తల. నేరుగా చూస్తున్నది ఒక్కటే, వేదిక మీద అందర్నీ వరసగా నిలబెట్టి తీసిన గ్రూపు ఫోటో. ఆ రోజు ఆ ఫోటోగ్రాఫర్ని మేమంతా విసుక్కున్నాం. బంతి లేస్తోంది, ఎంతసేపయ్యా అని. అందులోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయిస్తే, భుజం మీద మా బావగారి వేళ్లు నాలుగు మిగిలిపోయాయి. స్టూడియో కుర్రాడు వాటిని కప్పెట్టడానికి నల్లకోటు తొడిగాడు. జీవితంలో కోటు వేసుకోని మనిషి ఇప్పుడు మా హాల్లో కోటుతో ఉన్నాడు. దండ వేసేటప్పుడల్లా నేను ఆ కోటు కిందున్న వేళ్ల గురించి అనుకుంటాను.

అందుకే వచ్చిన ప్రతి ఫోటోగ్రాఫర్నీ ఒక కోరిక కోరాను. "నీ ఆల్బమ్‌లో అరవై దాటిన మనిషి మొహం, మసక లేకుండా, ఒక్కటి చూపించు." ఒకతను ఐప్యాడ్ చాలాసేపు జరిపి జరిపి, "ఇదుగోనండి" అన్నాడు. పంతులుగారు. ఇంకొకతను మాత్రం, క్యాండిడ్ లేదు, డ్రోన్ లేదు, పాత ఫ్లాషు గొడుగు ఒకటి వేసుకొచ్చిన పెద్దమనిషి, "మీవాళ్లలో ఒకర్ని నా పక్కన నిలబెట్టండి. ఫలానా వారు పెద్దత్తగారు, ఫలానా వారు మేనమామ అని చెప్తే ఒక్కర్నీ వదలనండి" అన్నాడు. నేను అప్పుడే అడ్వాన్సు కోసం జేబులో చేయి పెట్టాను.

ఫోను మోగింది. "నాన్నా, నేను బుక్ చేసేశాను. హైదరాబాద్ వాళ్లు. ఇన్‌స్టాలో చాలా పెద్ద పేజీ."

పెద్దమనిషిని ట్రెడిషనల్‌కి ఉంచుకున్నాను, ఆ డబ్బు నాదేనని చెప్పి. హైదరాబాద్ వాళ్లు ఒప్పందం పంపారు. ఫోటోలు తమ పేజీలో పెట్టుకునే హక్కు తమదేనని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రుణ్ణి అడిగాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదేనట, వేరేగా ఒప్పందం రాసుకుంటే తప్ప. "ఆ 'తప్ప' కోసమే వాళ్లు ఇదంతా రాసింది" అన్నాడు. ఆ వాక్యం కొట్టేసి పంపాను. ఒప్పుకున్నారు, ఇంకో పదిహేను వేలు కలిపి.

మిగతా షరతులు అమ్మాయి చదివి వినిపించింది. వచ్చేది ఎనిమిదిమంది. ఏసీ గదులు, రాజమండ్రిలో అయితే మంచిది. డ్రోన్ బ్యాటరీలకి విడిగా ప్లగ్గు పాయింట్లు. భోజనం మొదటి బంతిలోనే. ఇద్దరు కీటో డైట్, అన్నం ముట్టరు, తీపి అసలే వద్దు.

ఈ చివరి షరతు మా వంట మేస్త్రికి నేనే చెప్పాల్సొచ్చింది. పనసపొట్టు కూరకి ఆవపిండి కలుపుతున్న మనిషి చేయి ఆపి, నిజమైన జాలితో నా వైపు చూశాడు.

"కుర్రోళ్లేనాండి? అప్పుడే షుగరాండి?"