చచ్చినా డ్యూటీ దిగని సెక్షన్

మన దేశంలో రిటైర్మెంట్ మనుషులకే గానీ సెక్షన్లకు లేదు. ఐటీ చట్టంలోని 66ఎనే చూడండి. ఆన్‌లైన్‌లో పెట్టిన పోస్టు ఎవరికైనా చికాకు తెప్పిస్తే మూడేళ్ల దాకా జైలు! 2012లో ముంబయి బంద్‌పై పాల్ఘర్ అమ్మాయి ఒకరు ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాశారు, ఇంకో అమ్మాయి లైక్ కొట్టారు. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. అయినా కేసులు ఆగలేదు. 2021లో సంగతి తెలిసి కోర్టే నివ్వెరపోయింది. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించొద్దని 2022 అక్టోబరులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అర్ధరాత్రి పెట్టిన పోస్టును తెల్లారేసరికి పసిగట్టే ఠాణాలకు, సుప్రీం తీర్పు చేరడానికి మాత్రం ఏడేళ్లు చాల్లేదు!

ఇక రాజద్రోహం. 2022 మేలో ఐపీసీలోని 124ఎ అమలును సుప్రీంకోర్టు నిలిపేసింది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పేరే లేదు. హమ్మయ్య అనుకునేలోపే 152వ సెక్షన్ పలకరించింది. యావజ్జీవం అలాగే ఉంది. యావజ్జీవం కాకుంటే వేసే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లకు ఎదిగింది. పేరు తీసేసినందుకు వడ్డీ కాబోలు!

వాక్ స్వాతంత్ర్యం అరిగిపోతోందని గోలపెట్టే వారికి ఒకటే మనవి. రాజ్యాంగంలో 19వ అధికరణం చెక్కుచెదరకుండా ఉంది. వాడకుండా దాచుకుంటే ఏదైనా ఎందుకు అరుగుతుంది?